@ కొడితే కొటేషన్ గుర్తు

పోయిన వేసవి సెలవుల్లో సంగతి. మా చెల్లె అడ్మిషన్ ఫారానికి అదే ఆఖరి రోజు. మానుకోట స్టేషన్ దగ్గరి ఓ నెట్ సెంటర్‌లో నాన్న, నేను, చెల్లె కూర్చున్నాం. పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటోంది. మూడోసారికి, ఇంకో రెండుసార్లు తప్పితే ఖాతా లాక్ అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుందామంటే ఓటీపీ వచ్చే ఫోన్ రిపేర్‌లో ఉంది.

"రీల్స్ చూసుడు గుర్తుంటది గానీ పాస్‌వర్డ్ గుర్తుండదా?" అని నాన్న అందరి ముందే అన్నాడు. "నేనేం మర్చిపోలే అన్నా" అంది చెల్లె నాతో, కళ్లల్లో నీళ్లతో.

నోట్‌ప్యాడ్ తెరిచి అదే పాస్‌వర్డ్ కొట్టమన్నాను. @ ఉండాల్సిన చోట " పడింది! పాస్‌వర్డ్ పెట్టెలో అన్నీ చుక్కలే కదా, అందుకే ఎవరికీ కనపడలేదు.

అసలు కీబోర్డ్‌కి అక్షరాలు తెలియవు. మీట నొక్కితే, ఆ మీట ఏ స్థానంలో ఉందో చెప్పే కోడ్ మాత్రమే పంపుతుంది. దాన్ని ఏ గుర్తుగా చూపాలో విండోస్ తన లేఅవుట్ పట్టిక చూసి తేల్చుకుంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే కీబోర్డుల మీద ముద్ర అమెరికా పద్ధతిది. విండోస్ వేసేటప్పుడు ఎవరో యునైటెడ్ కింగ్‌డమ్ ఎంచుకుంటే అక్షరాలు, అంకెలు మామూలుగానే పడతాయి, @, " మాత్రం చోట్లు మార్చుకుంటాయి. షిఫ్ట్ పట్టుకుని 3 కొడితే # బదులు £ వస్తుంది. ఈ పౌండు కనపడితే ఇక అనుమానమే అక్కర్లేదు.

టైం లేదు కాబట్టి ముందు అడ్డదారి: షిఫ్ట్ పట్టుకుని, కొటేషన్ ముద్ర ఉన్న మీటే కొట్టమన్నాను. @ పడింది, లాగిన్ అయింది. ఫారం పంపాక సెట్టింగ్స్‌లో భాష ఆప్షన్లకు వెళ్లి యూఎస్ కీబోర్డ్ కలిపి, యూకేది తీసేశాను. రెండు లేఅవుట్లూ ముందే ఉంటే ఇంత పని లేదు, విండోస్ మీటతో స్పేస్ నొక్కితే మారుతుంది. ఆల్ట్, షిఫ్ట్ కలిపి పొరపాటున తగిలినా మారిపోవచ్చు. కె కొడితే హఠాత్తుగా "క" పడిందంటే తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లోకి జారినట్టే.

చిన్న ల్యాప్‌టాప్‌లో జె, కె, ఎల్ కొడితే 1, 2, 3 పడుతుంటే అది నమ్‌లాక్. ఒక్క మీటే మొరాయిస్తే మాత్రం లేఅవుట్‌ని తిట్టకండి, కిందికి మిక్చర్ పొడి పోయిందేమో చూడండి (మన హాస్టల్‌లో సగం కేసులు ఇవే). పాత అను ఫాంట్ల తెలుగును వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయే, అది వేరే జబ్బు. అక్కడ లోపలి కోడ్ ఇంగ్లీషు అక్షరానిది, ఫాంట్ గీసే బొమ్మ తెలుగుది. ఫాంట్ లేని చోట ముసుగు ఊడిపోతుంది.

సెంటర్ అన్న డబ్బులు తీసుకోలేదు. పొద్దున్నుంచి ఆ సిస్టం మీద ఇద్దరు పాస్‌వర్డ్ తప్పని వెనక్కి పోయారట.

నాన్న చెల్లెకు సారీ ఏం చెప్పలేదు. దారిలో బండి ఆపి మిర్చి బజ్జీలు కట్టించాడు, మొదటి పొట్లం దాని చేతికే ఇచ్చాడు.