రేవు నెదుటి విడిది

రేవు పట్టణములలో గొప్ప హోటలునకు దాని నెలవే సగము విలువ. హాంకాంగులోని పెనిన్సులా ఇందులకు నిదర్శనము. 1928లో దీనిని కౌలూను ఒడ్డున, ఓడరేవునకును రైలు స్టేషనునకును చేరువగా తెరచిరి. ఓడ దిగినవారును, చీనా లోపలికి రైలెక్కువారును ఇచట బస చేయుచుండిరి. 1975లో స్టేషను తరలిపోయెను. దాని గడియార స్తంభము మాత్రము నిలిచినది. 1980లో ఎదుట అంతరిక్ష ప్రదర్శనశాల వెలయగా, పాత గదులకు రేవు చాలవరకు మరుగైనది. 1994లో వెనుక లేచిన 30 అంతస్తుల భవనము పైగదులకు ఆ చూపును మరల తెచ్చినది. అదే దృశ్యమును తీరపు నడకదారినుండి ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. వేసవి ఉక్కలోను, తుపాను వానలోను గూడ చల్లని గదిలో కూర్చుండి చూడగలుగుటకే అతిథి వెల చెల్లించుచున్నాడు.