వేడెక్కుచున్న తీరజలములు - చేపల మేత

పశువులకు గడ్డి యెట్టిదో చేపలకు ప్లవకములు అట్టివి. ప్లవకములనగా నీటిలో తేలియాడు సూక్ష్మజీవులు. వీనిలో మొక్కజాతివి ఎండను, నీటిలోని నత్రజని, భాస్వరము, సిలికాలను గ్రహించి పెరుగును. వానిని జంతుజాతి ప్లవకములు మేయును. ఈ రెంటిపై కవళ్ళు మొదలగు చిన్న చేపలు బ్రతుకును. రొయ్యపిల్లకు తొలి మేతయు ఇదియే.

ఈ మొక్కలకు కావలసిన ఎరువు చాలవరకు సముద్రపు లోతున నుండును. వేసవిలో చెరువు మట్టిని బండ్లతో తోలి పొలమున వేయుట మీకు తెలిసినదే. కడలిలో ఆ పని గాలి చేయును. మార్చి నుండి మే వరకు మన తీరము వెంబడి వీచు నైఋతి గాలి పైనీటిని లోనికి నెట్టగా, అడుగునుండి చల్లని, సారవంతమైన నీరు పైకి వచ్చును. విశాఖపట్నము వద్ద దీనిని ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1950-60 మధ్యనే పరిశీలించిరి.

పైనీరు వేడెక్కిన కొలది తేలికయై, అడుగునీటిపై మూతవలె నిలుచును. దానిని కదల్చుట గాలికి కష్టమగును. బంగాళాఖాతములో ఈ చిక్కు మరింత ఎక్కువ. గోదావరి, కృష్ణ, గంగల మంచినీరు ముందే పైన పరచుకొని యుండును. ఎరువు అందనప్పుడు పెద్ద కణములుగల డయాటములు తగ్గి, మిక్కిలి చిన్న కణములు మిగులును. డయాటములను నేరుగా మేయు జంతు ప్లవకములు వీనిని చక్కగా పట్టలేవు. నడుమ మరొక సూక్ష్మజీవి వానిని తిని, దానిని ఇవి తినవలెను. చేతులు మారిన కొలది ధాన్యము తరుగునట్లు, మెట్టు పెరిగిన కొలది చేపకు చేరు ఆహారము తరుగును. పశ్చిమ హిందూ మహాసముద్రములో 60 ఏండ్లలో మొక్కజాతి ప్లవకములు 20 శాతము వరకు తగ్గినట్లు 2016లో వెలువడిన పరిశోధన తెల్పినది. ఆ అంకెను మన తీరమునకు అంటగట్టరాదు గాని, అచ్చట చెప్పిన కారణము ఈ మూతయే.

వేడి, నిశ్చలమైన నీటిలో బాగుపడునది ఒకటున్నది: ట్రైకోడెస్మియం. ఇది వరిచేలలోని నీలి ఆకుపచ్చ నాచుకు చుట్టము. నత్రజనిని తానే కూర్చుకొనును. వేసవిలో రంపపు పొట్టు చల్లినట్లు నీటిపై తేలును. వరిచేలో మేలుచేయు ఈ గుణము ఇచట చిక్కు తెచ్చును. దీనిని మేయు జీవులు తక్కువ. గుంపుగా చచ్చి కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించును.

మన మురుగు కాలువల వెంట పోవు యూరియా ఆ ఎరువు లోటు తీర్చదా యని మీరు అడుగవచ్చును. తీర్చదు. డయాటము తన గుల్ల కట్టుకొనుటకు సిలికా కావలెను. యూరియాలో అది లేదు. ఆ నత్రజని ఇతర జాతులకు, ఒక్కొక్కప్పుడు విషజాతులకు, దక్కును. మీరు డబ్బిచ్చి కొన్నది ఇట్లు పోవుచున్నది!

మొగలనుండి నీరు తోడుకొను రొయ్యల రైతులు వేసవిలో నీరు ఎర్రబారినను, పొట్టు తేలినను ఆ దినము తోడరాదు. చెరువులో తెల్లని పళ్ళెమును త్రాటికి కట్టి దింపి చూడుడు. 30-40 సెం.మీ. లోతున కనుమరుగైనచో ప్లవకములు తగుమాత్రముగా నున్నవి. బురదవలన గాక పచ్చదనమువలన 20 సెం.మీ. లోపుననే మాయమైనచో మేత తగ్గించి, రాత్రియంతయు ఏరేటర్లు నడుపవలెను. ప్రాణవాయువు మిక్కిలి తగ్గునది తెల్లవారుజాముననే గనుక ఆ వేళ వానిని ఆపరాదు.