ఋణ విమోచనము: క్రైస్తవ మతమున రక్షణ భావము

షోలాపురము నేతపేటలలోని తెలుగువారు ఇంట తెలుగును, అంగడిలోను కచేరీలోను మరాఠీని వాడుదురు. క్రైస్తవ మతమునకు ప్రాణమువంటి ఒక భావమునకు ఈ రెండు భాషల బైబిళ్లు రెండు వేర్వేరు మాటలను గ్రహించినవి. తెలుగున అది 'రక్షణ', మరాఠీలో 'తారణ్'. 1813లో బొంబాయిలో ఆరంభమై, ఆ శతాబ్ది ద్వితీయార్ధమున షోలాపురమునకు వ్యాపించిన అమెరికన్ మరాఠీ మిషన్ వారి బోధ ప్రధానముగ మరాఠీలో సాగినది. కావున ఇచ్చటి తెలుగు నేతగానికి ఈ భావము పొరుగుభాష మాటగనే మొదట చెవి సోకియుండును. రెండు మాటలును ఒక్కటే చెప్పుచున్నట్లు తోచును గాని, వినువాని మనస్సున అవి లేపు తలపులు వేరు.

రక్షణ యనగానే ఈ పేటలలో మెదలునది మార్కండేయుని కథ. పద్మశాలీలు తమ మూలపురుషుడగు భావనాఋషిని మార్కండేయ మహర్షి పుత్రునిగ చెప్పుకొందురు. ఏటేట శ్రావణ పూర్ణిమనాడు షోలాపురమున మార్కండేయ రథోత్సవము జరుగును. పదునారేండ్లకే ఆయువు తీరవలసిన బాలుడు శివలింగమును కౌగిలించుకొనగా, శివుడు యముని అడ్డగించి వానిని చిరంజీవిని చేసెను. క్రైస్తవుల కథ దీనికి కొంతదూరము తోడుగ నడిచి, ముఖ్యమైన తావున విడిపోవును. అచ్చట మరణమునకు అడ్డు పడినవారు లేరు. యేసు సిలువపై మరణించెను. మూడవనాడు తిరిగి లేచెనని క్రైస్తవుల విశ్వాసము. నమ్మినవానికిని చావు తప్పదు. చావు కడపటి మాట కాదనుటయే వానికిచ్చిన వాగ్దానము. మోక్షమును ఇట్టిదే యనుకొనుట పొరపాటు. మోక్షము జన్మపరంపరనుండి విడుదల. క్రైస్తవ మతము పునర్జన్మమును అంగీకరింపదు. అది విడుదల కోరునది దేహమునుండి గాదు, పాపమునుండి. దేహమును తిరిగి లేపబడునని వారి విశ్వాసప్రమాణమే చెప్పుచున్నది.

ఇక తారణ్. ఆ మాటకు మరాఠీలో తరింపజేయుట యను అర్థముతోబాటు, వ్యవహారమున తాకట్టు అను అర్థమును కలదు. అప్పు పుచ్చుకొనువాడు నగనో పొలమునో తారణముగ నుంచును. అనువాదకులు ఈ శ్లేషను ఉద్దేశించిరని చెప్పుటకు వీలులేదు. అయినను ఈ కాకతాళీయము ఒక నిజమును చూపుచున్నది: రక్షణను గూర్చి క్రైస్తవులు పలుకు భాషలో చాలభాగము అప్పులవారి భాషయే.

ఆ భాష షోలాపురము నేతగానికి క్రొత్తది కాదు. నిజాము రాజ్యములోని తెలుగు జిల్లాలనుండి వలసవచ్చిన సాలెవారు చాలమంది ఇచ్చటి కార్ఖానాలలో కూలినేత నేసిరి. పెండ్లికో జబ్బుకో కార్ఖానాదారుని యొద్ద ముందుగ సొమ్ము తీసికొని, ఆ బాకీ తీరువరకు ఆ మగ్గమును విడువలేకపోవుట ఇచ్చటి నేతబ్రతుకులో చిరకాలము సాగినది. గోఖలే సంస్థవారు 1947లో ప్రకటించిన ఆర్. జి. కాకడేగారి గ్రంథము ఈ నగరమునందలి నేతకులముల ఆర్థికస్థితిని విపులముగ పరిశీలించినది. ఇట్టి పద్ధతి గలచోట్ల వేరొక యజమాని పాత బాకీ చెల్లించి పనివానిని తనవైపు తెచ్చుకొనుటయు కలదు. అప్పుడు బాకీ తీరలేదు; చేయి మారినది. ఈ మాటను గుర్తుంచుకొనవలెను, ముందు అవసరపడును.

యూదుల ధర్మశాస్త్రమున, లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయమున, అప్పుచే తన్ను తాను అమ్ముకొనిన మనుష్యుని ప్రస్తావన యున్నది. వానిని విడిపించు హక్కు వాని సోదరునిది, పినతండ్రిది, పినతండ్రి కుమారునిది. అట్లు వెల చెల్లించు రక్తబంధువునకు హెబ్రీ భాషలో 'గోయేల్' అని పేరు. విడిపించువాడు అన్యుడు గాడు, అయినవాడే యగుట ఇందు గమనింపదగినది. ప్రవక్తలు దేవునికే ఈ బిరుదు నిచ్చిరి. దేవుడు మానవుడై పుట్టవలసివచ్చినదేల యను ప్రశ్నకు, బంధువు కానివానికి విడిపించు హక్కు లేదు గనుక అని ఈ ఆచారమును బట్టి సమాధానము చెప్పినవారు గలరు.

యేసు మాటలాడిన అరమేయిక భాషలో అప్పునకును పాపమునకును ఒక్కటే పదము, 'హోబా'. మత్తయి సువార్తలో ఆయన నేర్పిన ప్రార్థన ఋణములను క్షమింపుమని దేవుని అడుగును. మార్కు సువార్త పదియవ అధ్యాయమున ఆయన తన ప్రాణమును అనేకుల నిమిత్తము చెల్లించు వెలగ పేర్కొనెను. అచ్చటి గ్రీకు మాట 'లూత్రోన్'. దాసులను, యుద్ధమున చిక్కినవారిని విడిపించుటకు ఇచ్చు సొమ్ము అది. తెలుగు బైబిలు దానిని విమోచన క్రయధనమనినది.

వెల యనగానే ఎవరికి చెల్లెనను ప్రశ్న పుట్టును. మూడవ శతాబ్దిలో ఒరిగెన్ అది సాతానునకు చెల్లెనని తలచెను. నాల్గవ శతాబ్దివాడగు నజియాంజుసు గ్రెగొరీ దానిని ఖండించెను: దోచుకొనినవానికి దేవుడు వెల యిచ్చుట యేమి? 1098లో ముగించిన గ్రంథమున ఆన్సెల్మ్, మానవుడు దేవునికి చెల్లింపవలసిన గౌరవమే ఋణమనియు, మానవుడు చెల్లింపలేని దానిని దైవమానవుడు చెల్లించెననియు వాదించెను. తరువాతి తరమువాడగు అబెలార్డునకు ఈ లెక్క రుచింపలేదు. సిలువ చూపునది ప్రేమను, ఆ ప్రేమయే మనుష్యుని మార్చునని ఆయన మతము. ఆన్సెల్మ్ వాదము పటిష్ఠమైనదే గాని, అందు దేవుడు చిట్టా చేతబట్టిన షాహుకారువలె కనిపించుట దాచరానిది. ఉపమానమును తుదిదాక లాగినచో ఇట్లే యగును.

అంతకంటె చిక్కైన ప్రశ్న మరొకటి కలదు. విమోచనమనగా యజమాని మారుటయేనా? పౌలు కొరింథీయులకు వ్రాయుచు వారు వెలపెట్టి కొనబడినవారని చెప్పెను. రోమీయులకు వ్రాయుచు వారిపుడు దేవునికి దాసులైరనెను. క్రొత్త యజమాని పాత బాకీ చెల్లించిన కథ ఇచ్చట జ్ఞాపకమునకు రాకమానదు. కాని గలతీయులకు వ్రాసిన లేఖలో ఆయనయే వారిక దాసులు గారు, కుమారులు, కుమారులు గనుక వారసులు అని తేల్చెను. కార్ఖానాదారుడు బాకీ చెల్లించి తెచ్చిన పనివానిని తన ఆస్తికి వారసుని జేయడు. క్రైస్తవ రక్షణభావము వ్యవహారభాషను వీడి తన త్రోవను పోవునది ఈ తావుననే. బాకీ రద్దగుట ఆరంభము మాత్రమే. ఇంటివాడగుట దాని ఫలము.

అట్లయిన నమ్మినవాడు చేయవలసినది యేమి? లూథరు రక్షణ విశ్వాసమూలముననే యనెను. కతోలికులు ట్రెంటు మహాసభ 1547లో చేసిన తీర్మానమున, కృపతో సత్కార్యములకును స్థానము చూపిరి. ఈ వివాదము ఐరోపాను చీల్చినది. 1999 అక్టోబరు 31న ఆగ్సుబర్గు నగరమున లూథరనులును కతోలికులును సంయుక్త ప్రకటనపై సంతకములు చేసి, రక్షణ కృపవలననే యనియు, కార్యములు దాని ఫలములనియు ఒప్పుకొనిరి. నాలుగున్నర శతాబ్దులు పట్టినది.

పండితుల వాదములకంటె లూకా సువార్త పందొమ్మిదవ అధ్యాయము ఈ విషయమును సులభముగ తెలుపును. జక్కయ్య యెరికో పట్టణమున సుంకరులకు పెద్ద, ధనవంతుడు. జనము తిట్టుకొనుచుండగా యేసు అతని యింట దిగెను. అంతవరకు జక్కయ్యను ఏమియు అడుగలేదు. అప్పుడు జక్కయ్య లేచి, తన ఆస్తిలో సగము బీదలకిత్తుననియు, అన్యాయముగ తీసికొనినది నాలుగంతలుగ తిరిగి యిత్తుననియు చెప్పెను. ఆ యింటికి ఆనాడే రక్షణ వచ్చినదని యేసు పలికెను. ఇచ్చట రక్షణ పొందినవాడు అప్పుపడినవాడు గాడు, లెక్కలు వ్రాసినవాడు. ముందు విందు, పిదప తిరిగి యిచ్చుట. ఆ క్రమమును లూకా తారుమారు చేయలేదు. రక్షణ వచ్చినది జక్కయ్య కొక్కనికే యని గాక, ఆ యింటికని చెప్పబడినది.