బీడీ మానేశారా? మొదటి మూడు రోజులు ఇలా గట్టెక్కండి

వేసవిలో భద్రాచలం అడవుల్లో సేకరించే తునికాకుతోనే బీడీలు చుడతారు. ఆకే కదా, సిగరెట్ కంటే నయం అనుకోవద్దు. లోపల ఉన్నది పొగాకే. వదలనివ్వనిది అందులోని నికోటినే.

మానేశాక మొదటి 2-3 రోజులే కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఉంటాయి. 2-4 వారాల్లో చాలావరకు తగ్గుతాయి. తాగాలని మనసు లాగినా అది కొద్ది నిమిషాలే. ఆలోగా నీళ్లు తాగండి, సోంపు నమలండి, నాలుగడుగులు వేయండి. టీతో పాటు బీడీ అలవాటుంటే కొన్నాళ్లు టీకొట్టుకు దూరంగా ఉండండి.

ఒక్కరి వల్ల కాకపోతే 1800-11-2356కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఈ క్విట్‌లైన్ ఉచితం. తెలుగులోనూ మాట్లాడతారు. నంబరు మర్చిపోయారా? బీడీ కట్ట మీద, సిగరెట్ ప్యాకెట్ మీద చూడండి.

మధ్యలో ఒకటి తాగేసినా ఓడిపోయినట్టు కాదు. ఆ రోజే మళ్లీ మొదలుపెట్టండి.