పొలంలో మనుబోతులు పడ్డాయా? కరెంటు తీగ పెట్టకండి, ఇలా చేయండి

మీరు సిటీలో ఉంటున్నా ఊళ్లో పొలం ఉందా? అయితే ఈ వివరాలు ఇంట్లోవాళ్లకూ చెప్పండి.

మనుబోతు అంటే?
నీల్గాయినే తెలుగులో మనుబోతు అంటారు. హిందీ పేరులో ‘గాయ్’ ఉన్నా ఇది ఆవు కాదు. కృష్ణజింక లాగే యాంటిలోప్. ఆసియాలో ఉన్నవాటిలో ఇదే పెద్దది. మగది 200 కిలోలు దాటుతుంది. కొమ్ములు మగదానికే ఉంటాయి.

చేలలోకి ఎందుకు వస్తోంది?
దట్టమైన అడవి కంటే పొదలు, గడ్డి ఉన్న బీడు భూములే దీనికి ఇష్టం. అవి సాగులోకి, ప్లాట్లలోకి మారేకొద్దీ మేతకు చేలలో పడుతుంది. కవ్వాల్ లాంటి అడవుల్లో ఇది పులికి ఆహారం. ఇలాంటి జంతువులు తగ్గితే పులి మన పశువుల మీద పడే ముప్పు పెరుగుతుంది.

చంపితే శిక్ష ఏంటి?
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని కాపాడుతోంది. అనుమతి లేకుండా చంపితే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. అభయారణ్యంలో వేటాడితే జైలు శిక్ష కనీసం 3 ఏళ్లు. కంచెకు కరెంటు పెడితే రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషి ప్రాణమే పోవచ్చు. అప్పుడు కేసు ఇంకా తీవ్రంగా ఉంటుంది.

అనుమతి ఎవరిస్తారు?
పంటకు ముప్పు ఉందని తేలితే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి ఇవ్వొచ్చు. సెక్షన్ 62 కింద కేంద్రం ఒక ప్రాంతంలో కొంతకాలం రక్షణ తీసేయొచ్చు. 2015 డిసెంబర్‌లో బిహార్‌లోని కొన్ని జిల్లాలకు ఏడాది పాటు అలాగే చేసింది. మరుసటి ఏడాది మొకామాలో జరిగిన కాల్చివేతలపై కేంద్ర మంత్రుల మధ్యే వివాదం రేగింది.

నష్టపోతే ఏం చేయాలి?
• పంట, కాలి గుర్తుల ఫొటోలు వెంటనే తీయండి.
• అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి.
• పీఎం ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తున్నట్లు కేంద్రం ప్రకటించింది. 72 గంటల్లోగా క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో ఫొటోలతో నమోదు చేయాలి. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. ప్రీమియం కట్టేముందే 14447కు ఫోన్ చేసి మీ ప్రాంతానికి వర్తిస్తుందో లేదో అడగండి.