ఫోనులో దాగియున్న పాస్‌వర్డులు: వానిని కనుగొను విధము, కాపాడుకొను విధము

2024వ సంవత్సరము సెప్టెంబరు ప్రారంభమున బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలయిన పేటలను ముంచివేసిన సంగతియు, ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజీవద్ద కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించి లంక గ్రామములలోనికి వచ్చిన సంగతియు మన సభ్యులకు జ్ఞాపకము చేయనక్కరలేదు. ఇండ్లలో నీరు నిలిచినపుడు బియ్యపు బస్తాలు, బట్టలు, పట్టాదారు పాసుపుస్తకములు తడిసినవి; వానితోపాటు ఫోనులును చెడినవి. తడిసిన కాగితమును ఆరబెట్టుకొనవచ్చును. చెడిన ఫోనులోని పాస్‌వర్డుల గతి యేమి? అవి ఫోనుతోనే పోవునని కొందరును, ఎక్కడనో భద్రముగా నుండునని కొందరును తలంతురు. ఈ రెండును సగము సగమే నిజములు. తమకు ఏ సగము వర్తించునో రాబోవు వరదకు ముందే తెలిసికొనుట మేలు.

ఫోనులో నేదైన నొక ఖాతాను తెఱచుటకు పేరును పాస్‌వర్డును వ్రాసినవెంటనే, దీనిని సేవ్ చేయవలెనా యని యడుగు చిన్న పెట్టె తెరపై వచ్చును. మనలో పెక్కుమంది దానిని చదువకయే తాకుదురు. నాటినుండి ఆ మాటను ఫోనే వ్రాయుచుండును గనుక మనము మఱచిపోవుదుము. రెండేండ్లకు క్రొత్త ఫోను కొన్నపుడో, నెట్ సెంటరులో కంప్యూటరు ముందు కూర్చున్నపుడో ఆ మాట యడుగగా తెల్లబోవుదుము. మఱచిపోతిననుచు క్రొత్తది పెట్టుకొనుట యొక దారి. కాని దానికి రావలసిన ఓటీపీ ఎప్పుడో పాఱవేసిన సిమ్ము నంబరునకు పోవుచున్నయెడల ఆ దారియు మూసికొనును.

మఱచుట కేవలము పల్లెటూరివారి లోపము కాదు. కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టు పద్ధతి 1960 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున మొదలయినది. ఒకే యంత్రమును పలువురు వాడుకొనుచుండగా ఎవరి పత్రములు వారికే కనబడుటకై ఫెర్నాండో కార్బటో అను పండితుడును ఆయన సహచరులును దీనిని ఏర్పఱచిరి. వృద్ధాప్యమున ఆయనయే తన పాస్‌వర్డులను కాగితములపై వ్రాసి యుంచుకొనువాడనని 2014లో చెప్పెను.

ఇక కనుగొను విధము. ఆండ్రాయిడు ఫోను గలవారు సెట్టింగులు తెఱచి, పైన వెదకు స్థలమునందు పాస్‌వర్డ్ అని వ్రాసినచో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ అను పేరు కనబడును. అది దొరకనియెడల క్రోమ్ తెఱచి, పైమూలనున్న మూడు చుక్కలను తాకి, సెట్టింగులలోనికి పోయినను అదే కనబడును. దానిని తాకినచో ఇంతవరకు భద్రపఱచిన ఖాతాల పట్టిక వచ్చును. కావలసిన పేరును తాకుడు. ఫోను మీ వ్రేలిముద్రనో, తెర తాళపు అంకెలనో అడుగును. అవి సరిపోయినపిమ్మట ఖాతా పేరును, చుక్కలతో కప్పిన పాస్‌వర్డును చూపును. ప్రక్కనున్న కంటి బొమ్మను తాకినచో చుక్కలు తొలగి అక్షరములు కనబడును. అక్కడనే దానిని మార్చుటకును తొలగించుటకును వీలు కలదు. అయితే అక్కడ మార్చిన మాత్రమున అసలు ఖాతాలోని పాస్‌వర్డు మారదు. ముందు ఆ ఖాతాలో మార్చి, పిమ్మట ఇక్కడ సరిచేయవలెను. ఈ సంగతి తెలియక చిక్కుపడువారు తఱచు.

శాంసంగ్ ఫోనులలో శాంసంగ్ పాస్ అను వేఱొక పెట్టె కూడ నుండును గనుక ఒకదానిలో లేనిది రెండవదానిలో వెదకవలెను. ఐఫోను గలవారికి 2024లో వచ్చిన మార్పుతో పాస్‌వర్డులకు ప్రత్యేకమైన యాప్ ఏర్పడినది. అంతకు పూర్వపు ఫోనులలో సెట్టింగులయందే చూడవలెను.

యూపీఐ పిన్ను ఈ పట్టికలో దొరకదు, దొరకకూడదు కూడ. ఓటీపీ క్షణకాలపుది గనుక దాచవలసిన పనిలేదు. చాల బ్యాంకుల యాప్‌లును తమ పిన్నును ఇక్కడ నుంచనీయవు.

పైని చెప్పిన సగము నిజము సంగతికి వత్తము. ఫోనులో మీ గూగుల్ ఖాతా యుండి, పాస్‌వర్డులు ఆ ఖాతాలో చేరుచున్నయెడల ఫోను కాలువలో పడినను అవి పోవు. క్రొత్త ఫోనులో అదే ఖాతాతో ప్రవేశించినచో మరల వచ్చును. ఖాతాలో చేరక ఫోనులోనే యున్నవి మాత్రము ఫోనుతోనే పోవును. కావున పట్టికకంటె ముందు చూడవలసినది ఆ పట్టిక యెవరి ఖాతాలో నున్నదనునదే.

ఇక్కడనే మన గ్రామములలో ఒక పెద్ద పొరపాటు జరుగుచున్నది. ఫోను కొన్ననాడు దుకాణములోని కుఱ్ఱవాడు తొందరలో ఏదో యొక ఈ-మెయిలు ఖాతాను సృష్టించి ఫోనును మనచేతికిచ్చును. దాని పాస్‌వర్డు అతనికిని జ్ఞాపకముండదు, మనకును తెలియదు. మఱికొన్ని చోట్ల అతని సొంత ఖాతాయే ఫోనులో నిలిచిపోవును. అట్లు నిలిచినపుడు మనము సేవ్ చేయించిన ప్రతి పాస్‌వర్డును అతని ఖాతాలోనికే పోవును. అతడు మంచివాడే కావచ్చును. కాని మన ధాన్యపు గాదెకు తాళము వేసి తాళపుచెవిని బజారులో వ్రేలాడదీయుదుమా? ఒకనాడు మన కార్యాలయమునకు వచ్చిన యొక వృద్ధ సభ్యుని ఫోనులో ఆయన ఎన్నడును వినని పేరుతో ఖాతా యుండెను. మూడేండ్లు ఆయన దానినే వాడుచుండెను. ఆయన కుమార్తె వచ్చి తండ్రి పేరిట క్రొత్త ఖాతా తెఱచి, ఒక్కొక్క పాస్‌వర్డును మార్చి దానిలో చేర్చి, పాత ఖాతాను తొలగించుటకు ఒక పూట పట్టినది. సెట్టింగులలో గూగుల్ అను చోట తాకినచో ఖాతా యెవరిదో పైననే కనబడును. ఈ పత్రిక చదువుట ముగించినవెంటనే అది యొకమారు చూడుడు.

ఖాతా మీదే యని తేలినపిమ్మట దానికి కాపుదల కావలెను. మన పాత సంఘములలో ఇనుపపెట్టెకు రెండు తాళములుండి, ఒక చెవి అధ్యక్షుని యొద్దను, రెండవది కార్యదర్శి యొద్దను ఉండెడిది. ఒక్కరివలన పెట్టె తెఱువబడెడిది కాదు. గూగుల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ యనునది ఇట్టి యేర్పాటే. పాస్‌వర్డు ఒకరికి తెలిసినను రెండవ చెవి లేక లోపలికి రాజాలరు. ఆ రెండవ చెవి ఫోనే యైనపుడు ఫోను పోయిన మనమును బయటనే నిలువవలసివచ్చును గదాయని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అందుకొఱకే గూగుల్ వారు బ్యాకప్ కోడ్‌లని ఎనిమిదేసి అంకెలు గల పదింటిని ఇత్తురు. ఒక్కొక్కటి ఒక్కమారే పనిచేయును. వానిని కాగితముపై వ్రాసి పొలము దస్తావేజులతోపాటు పెట్టెలో నుంచవలెను. వరదకాలమున దస్తావేజులను అటకపైకి చేర్చునపుడు ఇదియు వానితోడనే పోవును. పాస్‌వర్డు కాగితముపై వ్రాయుట తప్పని చెప్పుదురుగాని, ఇంటి పెట్టెలోని కాగితమును దూరదేశపు దొంగ చూడజాలడు. ఫోను కవరు వెనుక వ్రాసి పెట్టుటయే తప్పు.

ఆ పెట్టె యంతటికి తెరతాళమే తలుపు. పుట్టిన సంవత్సరమును, 1234ను పెట్టుకొన్నవారు మాఱ్చుకొనవలెను. గీతలు గీయు తాళము సులభమే కాని, బురదచేతితోనో నూనెచేతితోనో గీచిన గీత అద్దముపై అట్లే నిలిచియుండును. తాళపు అంకెలు తెలిసినవానికి పట్టిక యంతయు తెలిసినట్లే గనుక ఎరువుల కొట్టులోనో, ఆటలకై అడిగిన బాలునికో ఫోను ఇచ్చునపుడు తెఱచి ఇచ్చుటకును, తాళపు అంకెలు చెప్పుటకును చాల భేదము కలదు.

పాస్‌వర్డ్ మేనేజరులోనే పాస్‌వర్డ్ చెకప్ అను పరీక్ష కలదు. ఎక్కడనైన దొంగల పాలయినవానిని, పలుచోట్ల ఒకటిగానే పెట్టినవానిని, బలహీనమైనవానిని అది వేఱువేఱుగా చూపును. అన్నిటికిని ఒకే పాస్‌వర్డు పెట్టినవారికి ఆ పట్టిక దీర్ఘముగా నుండును. నిరుత్సాహపడక ముందు ఈ-మెయిలును, పిమ్మట బ్యాంకు ఖాతాను మార్చి, తక్కినవి తీరికమీద చూచుకొనవచ్చును.

నెట్ సెంటరు కంప్యూటరులో పనిచేసినపుడు సేవ్ చేయవలెనా యను ప్రశ్నకు వలదనియే చెప్పవలెను. పని ముగిసినపిమ్మట లాగవుట్ చేయకుండ లేవకూడదు. పాత ఫోనును అమ్మునపుడును మార్పిడి కిచ్చునపుడును ముందు సెట్టింగులలో ఖాతాను తొలగించి, తరువాతనే రీసెట్ చేయింపుడు. ఖాతా తొలగింపక రీసెట్ చేసినచో ఫోను మరల ఆ పాత ఖాతానే యడుగవచ్చును. అప్పుడు కొన్నవాడు మీ యింటికి రాకతప్పదు.

పీఎం-కిసాన్ పేరు చెప్పి వాట్సాప్‌లో పంపబడు ఏపీకే ఫైళ్లను తాకి సొమ్ము పోగొట్టుకొన్న రైతులు తెలుగు జిల్లాలలో నున్నారు. ఫోనులో దొంగయాప్ చేరినపిమ్మట ఎంత మంచి పాస్‌వర్డును కాపాడజాలదు. తెరను తమకు చూపుమని ఫోనులో నడుగువారును ఆ తెగవారే. సొమ్ము పోయినట్లు తెలిసిన క్షణముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన సొమ్ము నిలుపుటకు అంత వీలుండును.

ఈ పనులు తమంత చేసికొనలేని సభ్యులు ఇంటిలోని చదువుకొన్న బిడ్డను వెంటబెట్టుకొని, ఫోనుతో సంఘ కార్యాలయమునకు రావచ్చును. ఎక్కడ తాకవలెనో మా గుమాస్తా చూపును. పాస్‌వర్డును మాత్రము మీ చేతితో మీరే వ్రాయవలెను. ఆ సమయమున ఆయన ముఖము త్రిప్పుకొని కూర్చుండును.