తిరిగినది ఏది?

వికారాబాదులో గాని తాండూరులో గాని పిల్లవాడు లోపలి కుట్లు బయటికి కనబడునట్లు చొక్కా తొడుగుకొనినచో "అంగి ఉల్టా తొడిగినవు బిడ్డా" అని తల్లి హెచ్చరించును. కడిగిన గిన్నెలోని నీరు కారిపోవుటకై దానిని బోర్లించవలసి వచ్చినపుడు "ఉల్టా పెట్టు" అనును. బండలకై వచ్చిన లారీ ఇరుకు సందులోనుండి వెనుకకు నడచుచుండగా "లారీ ఉల్టా వస్తున్నది, జరుగు" అని కేక వేయును. నిన్న ఒప్పుకొనిన మాటను నేడు కాదన్నవానిని గూర్చి "ఉల్టా మాట్లాడిండు" అని నలుగురును చెప్పుకొందురు. నైజాము ఏలుబడిలో ఉర్దూ కచేరీభాషయై వర్ధిల్లిన కాలమునుండి ఈ సీమవారి నోట నానిన ఈ పదము, ఇన్ని వేర్వేరు వ్యాపారములను ఒంటిచేతితో నిర్వహించుకొని వచ్చుచున్నది. దానిని తప్పుపట్టవలసిన పని లేదు; వినువానికి చొక్కాయు గిన్నెయు లారీయు కన్నులయెదుటనే యున్నవి గనుక సందేహమునకు తావుండదు.

చిక్కంతయు ఇంగ్లీషులో వ్రాయవలసి వచ్చినపుడు పుట్టును. రివర్స్, ఇన్వర్ట్, ఓవర్‌టర్న్, కన్వర్స్, రివర్ట్, రివోక్, రిపీల్ అని ఒకదానివెంట నొకటి పరుగెత్తి వచ్చు పదములలో ఏది గ్రహింపవలెనో తెలియక విద్యార్థులే గాక ఏండ్లతరబడి కాగితములు నడిపిన గుమాస్తాలును తడబడుదురు. ఈ తడబాటునకు మందు నిఘంటువులో లేదని నా అభిప్రాయము. మాటను వెదకుటకు పూర్వము, అచ్చట తిరిగినది ఏది యని ఒక్క ప్రశ్న వేసికొనవలెను: దిక్కు తిరిగినదా, వరుస తిరిగినదా, తల క్రిందికి వచ్చినదా, లోపలిది వెలుపలికి వచ్చినదా, వాక్యము తిరిగినదా, తీర్పు తిరిగినదా?

తాండూరు బండల వ్యాపారమునందే ఈ భేదము స్పష్టముగా కానవచ్చును. పాలిషు పట్టు కర్మాగారము వాకిట క్లీనరు వెనుక నిలిచి "రానీ, రానీ" యని అరచుచుండగా డ్రైవరు లారీని వెనుకకు తెచ్చును, అది రివర్స్. అదే లారీ మోయలేని బరువుతో మలుపున ఒరిగి చక్రములు ఆకసమునకెత్తి పడినచో, మనవారు దానినిగూడ "ఉల్టా పడ్డది" అందురు. ఇంగ్లీషున అది ఓవర్‌టర్న్. బీమా కంపెనీకి వ్రాయు అర్జీలో రెండవదానికి మారుగా మొదటి పదము పడినచో, పరిహారము కోరినవాడు తన లారీ వెనుకకు నడచినదని మాత్రమే విన్నవించుకొనినవాడగును! ఇక చొక్కా సంగతి యున్నది. లోపలిది బయటికి వచ్చినచో ఇన్‌సైడ్ అవుట్ అనియు, గుండీలు వీపుమీదికి వచ్చినచో బ్యాక్ టు ఫ్రంట్ అనియు ఇంగ్లీషువారు రెండు దోషములకును రెండు పేర్లు పెట్టుకొనిరి.

రివర్స్ అను మాటకు దిక్కును వరుసయు ప్రధానము. 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు వేసిన నైజాము రైలుమార్గము తాండూరు, వికారాబాదుల మీదుగా పోవుచున్నది. వికారాబాదు జంక్షనున బీదరు శాఖ చీలును. తాండూరునుండి వచ్చిన బండి బీదరునకు పోవలెనన్నచో ఇంజనును ముందునుండి విప్పి వెనుక తగిలింపవలసి వచ్చును. అంతవరకు తోకయైనది తలయగును. బండి తలక్రిందు కాలేదు, గమనదిశ మాత్రమే మారినది. కనుక అది రివర్సలే. దిక్కు మారినంతమాత్రమున పోయి చేరు చోటు మారునని అనుకొనుటయు పొరపాటే. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పునకు మరలి హైదరాబాదు నడుమగా పారి వాడపల్లియొద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ కొండలప్రాంతముననే పుట్టిన కాగ్నా అందుకు ఎదురుగా పడమటికి నడచి, తాండూరు ప్రక్కగా కన్నడదేశము చేరి భీమలో పడుచున్నది. ఆ భీమయు కృష్ణకు ఉపనదియే! ఈ రెండేరుల గమనములు ఒకదానికొకటి ఆపోజిట్. కాని ఒకటి రెండవదానికి రివర్స్ కాదు, ఏలయన ఏదియు వచ్చిన త్రోవనే తిరిగి పోవుటలేదు.

ఇన్వర్ట్ అనగా తలక్రిందు చేయుట. బడిలో నేర్చిన ఇన్వర్టెడ్ కామాలే ఇందుకు చక్కని నిదర్శనము; వాక్యము మొదట నుంచు ఆ గుర్తు, కామాను తలక్రిందు చేసి పైకెత్తినదే. అయితే భాష ఎన్నడును వ్యాకర్త చెప్పినట్లు నడువదు. పాకమున నిమ్మరసము పిండి కాచినచో అది గట్టిపడి పలుకులు కట్టదని మిఠాయి చేయువారందరికిని తెలియును. ఆ పులుపుచేత చక్కెర గ్లూకోజుగను ఫ్రక్టోజుగను విడిపోవును. ఒక తలమున కట్టుబడిన కాంతిని మామూలు చక్కెరనీరు కుడికి త్రిప్పగా, ఈ విడిపోయిన మిశ్రమము ఎడమకు త్రిప్పును. ఆ కారణముచేత దానికి ఇన్వర్ట్ షుగర్ అని పేరు పెట్టిరి. మన ప్రశ్న ప్రకారము ఇచ్చట తిరిగినది దిక్కే గనుక రివర్స్ అనవలసినది. కాని శాస్త్రజ్ఞులు పెట్టిన పేరును ఇప్పుడు మార్చుట యెవరితరము? కరెంటు పోయినపుడు ఇంట దీపము నిలుపు ఇన్వర్టరు సంగతియు ఇట్టిదే: ఏసీని డీసీగా మార్చు కన్వర్టరు యంత్రమును తలక్రిందుగా నడపి, డీసీనుండి ఏసీని పుట్టించుటవలన ఆ పేరు వచ్చినది.

ఈ పదములలో పెక్కింటికి మూలము లాటినులో 'తిరుగు' అను అర్థముగల వెర్తెరె అను క్రియ. అది మన సంస్కృతమునందలి వృత్ ధాతువునకు తోబుట్టువే. ఈ భాషల చుట్టరికమును సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చదివిన ఉపన్యాసమున లోకమునకు చాటినాడు. మనవారు వృత్తునకు ఉపసర్గములు చేర్చి నివృత్తి, ఆవృత్తి, పరావర్తనము, పరివర్తనము అని వేర్వేరు తిరుగుళ్లను వేరుచేసికొనినట్లే, వారును రి, ఇన్, కన్, ఆబ్, సబ్ అనువానిని ముందుచేర్చి ఒక్క తిరుగుటనే పలుతెఱగులుగా చీల్చుకొనిరి. వెనుకటి నైజాము నాణెమైన హాలీ సిక్కాపై చార్మినారు చిత్రించిన ముఖము ఆబ్‌వర్స్, రెండవది రివర్స్. మన బొమ్మబొరుసుల కంటె ఇందులో గొప్ప యేమియు లేదు.

అన్నిటికంటె సూక్ష్మమైనది వాక్యమును త్రిప్పుట. "అది తాండూరు బండ యైనచో సున్నపురాయి యగును" అను మాట సత్యము. దీనిని "సున్నపురాయి యైనచో తాండూరు బండ యగును" అని త్రిప్పినచో కన్వర్స్, అనగా మన గణితపుస్తకములు విపర్యయ మనునది, ఏర్పడును. బేతంచెర్ల బండయు సున్నపురాయియే గనుక ఇది నిలువదు. "తాండూరు బండ కానిచో సున్నపురాయి కాదు" అన్నది ఇన్వర్స్, విలోమము. ఇదియు అదే బేతంచెర్ల బండ తగిలి పగిలిపోవును. "సున్నపురాయి కానిచో తాండూరు బండ కాదు" అన్నది కాంట్రాపాజిటివ్, ప్రతివర్తితము. మూడింటిలోను ఇదియొక్కటే మొదటి మాటతోపాటు నిలిచియుండును. పరీక్షకొరకు వల్లించి మరునాడే మరచిపోవు ఈ భేదము నిత్యవ్యవహారమున ఎంత అక్కరకు వచ్చునో చెప్పనలవి కాదు. అంగడివాడు "మంచి కందిపప్పుకు వెల యెక్కువ" అనగానే, వెల యెక్కువైన పప్పంతయు మంచిదేయని కొనివచ్చువాడు విపర్యయమును సత్యమని నమ్మి మోసపోయినవాడే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన పిమ్మట ఈ హెచ్చరిక మఱింత అవసరమైనది.

న్యాయస్థానములకును శాసనసభలకును వచ్చునప్పటికి ఉల్టా స్థానమును రద్దు ఆక్రమించును. ఒకే వ్యాజ్యమున క్రింది కోర్టు తీర్పును పై కోర్టు త్రిప్పివేసినచో రివర్స్. పాత వ్యాజ్యమున చెప్పిన సూత్రమును క్రొత్త వ్యాజ్యమున చెల్లదన్నచో ఓవర్‌రూల్. 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పును సుప్రీంకోర్టు 1973లో కేశవానంద భారతి వ్యాజ్యమున ఈ రెండవ విధముగనే త్రోసిపుచ్చినది. 2020లో చేసిన మూడు వ్యవసాయ చట్టములను పార్లమెంటు 2021లో తానే తొలగించుట రిపీల్. గనికిచ్చిన లైసెన్సును అధికారి వెనుకకు తీసికొనుట రివోక్. చెల్లని వివాహమును కోర్టు కొట్టివేయుట అనల్. వికారాబాదునకు పేరిచ్చిన వికారుల్ ఉమ్రా వంటి పాయిగా ప్రభువుల ఎస్టేటులతోసహా 1949లో జాగీర్దారీ సమసిపోయినది. ఒక వ్యవస్థయే తుడిచిపెట్టబడినది గనుక దానికి అబాలిష్ అను మాట తగును. ఇన్నింటికిని తెలుగు పత్రికలలో మనము చదువునది రద్దు అను రెండక్షరములే.

కడపట రివర్ట్ అను మాట యొకటి నేటి కచేరీలను పట్టి పీడించుచున్నది. పూర్వస్థితికి మరలుట దానికి సహజార్థము. ఉద్యోగనియమములలో రివర్షన్ అనగా పదోన్నతి పొందినవానిని మునుపటి పదవికి దింపుట. కాని మన దేశమున జవాబు వ్రాయుట యను అర్థమున అది యెంతగా ప్రబలినదనగా, ఇంగ్లీషు నిఘంటువులుకూడ దానిని భారతీయ ప్రయోగమని చెప్పి చేర్చుకొనినవి. తన పై అధికారికి "దయచేసి త్వరగా రివర్ట్ కాగలరు" అని విన్నవించు గుమాస్తా, ఆయనను క్రింది పదవికి పొమ్మని కోరుచున్నాడని సేవానియమములు చదివినవాడెవడైన చమత్కరించినచో కాదనలేము. రిప్లై అను మాట చిన్నది, అందరికిని తెలిసినది. అచ్చట అదియే చాలును.